భుజంగరావు భుజంలో ప్రభుత్వ ముడి

కాలువగట్ల సంరక్షణ శాఖ జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు తాడినాడ భుజంగరావుకి కుడి భుజం పట్టేసినప్పుడు, అదొక ప్రభుత్వ వ్యవహారం అవుతుందని ఎవరూ ఊహించలేదు. మొదట్లో అది ఇంటి వ్యవహారంగానే ఉంది. తల దువ్వుకోడానికి చెయ్యి లేవడం లేదని ఆయనంటే, దువ్వడానికి అక్కడ పెద్దగా ఏం మిగిలిందని భార్య మాణిక్యాంబ అంది. చొక్కా తొడుక్కోడానికి కూడా లేవడం లేదన్నాక మాత్రం నమ్మింది.

వేడినీళ్ల సంచితో కాపడం పెట్టారు. మాత్రలు మింగించారు. బావమరిది ఏదో నూనె తెచ్చి రాశాడు. ఆ నూనెకి నొప్పి తగ్గలేదు గానీ, ఆఫీసులో ఆయన పక్కన కూర్చునేవాళ్లంతా ఏదో పని కల్పించుకుని వరండాలోకి వెళ్లిపోయేవారు. అందులో విశేషమేమీ లేదు, ఆ ఆఫీసులో వరండా ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. పని మాత్రం భుజంగరావు బల్లమీదే ఉంటుంది. కంప్యూటరు ముందు మెడ వంచుకుని, కుడిచెయ్యి మౌసు మీద పెట్టుకుని, పొద్దుట కూర్చున్న మనిషి మళ్లీ సాయంత్రమే లేచేవాడు.

ఆయనకి ఇంకో దిగులు కూడా ఉంది. ఆ ఊరి కళాసమితివాళ్లు ఏటా వేసే పద్యనాటకంలో భీముడి వేషం ఆయనదే. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. రాగం తీశాడంటే వీధి చివర కుక్కలు కూడా మొరగడం ఆపి వినేవి. ఈ ఏడు రిహార్సల్సులో గద ఎత్తాల్సిన చోటు వచ్చేసరికి చెయ్యి చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. దుర్యోధనుడు వేసే గుమ్మడి విశ్వపతి అదే ఆఫీసులో, అదే హోదాలో ఉద్యోగి. నెమ్మదైన మనిషి. ఆయన పనిచేస్తుండగా చూసినవాళ్లు లేరు, కోప్పడుతుండగా చూసినవాళ్లూ లేరు. ఖాళీగా ఉన్న సూపరింటెండెంటు కుర్చీకి వీళ్లిద్దరికీ అర్హత ఉంది. అయినా విశ్వపతి మనసులో ఏమీ పెట్టుకోకుండా, ఎవరైనా ఫిజియోథెరపీ వాళ్లకి చూపించుకొమ్మని సలహా ఇచ్చాడు.

మందుల షాపు మీది మేడమీద హిమజ అనే అమ్మాయి ఫిజియోథెరపీ క్లినిక్కు నడుపుతోంది. నొప్పెక్కడని ఆవిడ అడిగితే భుజంగరావు జబ్బ ముందువైపు చూపించాడు. ఆవిడ అక్కడ ముట్టుకోకుండా వెనక్కి వెళ్లి, రెక్క ఎముక మీద ఒకచోట బొటనవేలితో నొక్కింది. భుజంగరావుకి పట్టపగలు చుక్కలు కనిపించాయి. నొక్కింది వీపు మీదైతే, నొప్పి జబ్బలోంచి మోచేతి దాకా జరజరా పాకింది.

"కండరంలో చిన్న భాగం బిగుసుకుపోయి ముడిలా అయిందండి. ట్రిగ్గర్ పాయింట్ అంటాం. అదుండేది ఒకచోట, నొప్పి చూపించేది ఇంకోచోట," అందావిడ.

ఇది భుజంగరావుకి వెంటనే అర్థమైంది. ఆయన ఆఫీసులో ఫైళ్ల సంగతీ అంతే. గండి పడేది ఒక ఊళ్లో, గోడు వినిపించేది ఇంకో ఊళ్లో, కాగితం ఆగిపోయేది మూడో చోట. అర్థం కానిదల్లా వైద్యం. సన్నటి సూదితో ఆ ముడిలో పొడుస్తానని ఆవిడ చెప్పింది. సూదిలో మందేమిటని అడిగితే, మందేం ఉండదనీ, అందుకే దీన్ని డ్రై నీడ్లింగ్ అంటారనీ చెప్పింది. మందు లేకుండా ఒట్టి సూది పొడిపించుకోడానికి ఇంత దూరం రావడమెందుకు, ఆ పని దర్జీ చేసిపెట్టడా అన్న మాట ఆయన నాలిక చివరిదాకా వచ్చింది. అప్పటికే బోర్లా పడుకుని ఉండటంవల్ల గౌరవంగా మింగేశాడు.

సూది వెంట్రుకంత సన్నంగా ఉంది. దిగింది కూడా తెలియలేదు. ఇంతేనా అనుకుంటూ ఉండగా, లోపల కండరం గాలానికి తగులుకున్న కొర్రమీనులా ఒక్క ఎగురు ఎగిరింది. భుజంగరావు భీముడి గొంతుతో అరిచాడు. బయట బెంచీమీద కూర్చున్న ఒకాయనకి అర్జంటు పనేదో గుర్తొచ్చి మెట్లు దిగి వెళ్లిపోయాడు. కాస్సేపటికి ఆ భాగమంతా సలుపుతున్నా, లోపల ఏదో సడలినట్టు, బస్తా దింపినట్టు అనిపించింది. చెయ్యెత్తి చూసుకున్నాడు. చెవి దాటి, తల దాటి పైకి వెళ్లింది.

ఇది మొండి ముడి అనీ, సగమే విడిందనీ, ఒకటి రెండు రోజులు కాస్త నొప్పిగా ఉంటుందనీ, వచ్చేవారం మళ్లీ రావాలనీ హిమజ చెప్పింది. రోజూ చెయ్యాల్సిన సాగదీత వ్యాయామాలు చూపించింది. కంప్యూటరు తెర కంటికి ఎదురుగా ఉండేలా ఎత్తులో పెట్టుకొమ్మంది. సగం విడిన ముడితో భుజంగరావు పెళ్లికొడుకులా ఇంటికెళ్లాడు.

మర్నాడు ఆఫీసులో ఎదురైన జాయింట్ డైరెక్టరు చిదానందం గారికి ఆయన చెయ్యి పూర్తిగా ఎత్తి నమస్కారం పెట్టాడు. అదే కొంప ముంచింది.

చిదానందం గారి మెడ ఎన్నో ఏళ్లుగా ఎడమవైపు తిరగదు. ఎడమవైపు చూడాలంటే ఆయన కుర్చీతో సహా తిరగాలి. అందుకే ఆలస్యంగా వచ్చేవాళ్లందరూ ఎడమ గుమ్మంలోంచి వచ్చేవారు. భుజంగరావు చెయ్యి ఎలా లేచిందో గుచ్చి గుచ్చి అడిగి, ఆ సాయంత్రమే ఆయన హిమజ దగ్గరికి వెళ్లి మెడలో ముడి విప్పించుకున్నారు. అది లేతముడి, ఒక్కసారికే విడిపోయింది. మర్నాడు తన గదిలో కూర్చుని మెడ ఎడమకి తిప్పితే, ముందుగా కనిపించింది పదకొండు గంటలకి మెల్లగా లోపలికి వస్తున్న విశ్వపతి. చిదానందం గారు కోప్పడలేదు. ఆనందంతో కళ్లు చెమర్చాయి. విశ్వపతిని అలా చూడటం ఆయనకి అదే మొదటిసారి.

మధ్యాహ్నానికల్లా సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా సిబ్బందికి తెలియజేయునదేమనగా, కండరగ్రంథి, అనగా వాడుకలో ముడి, అనునది ఉద్యోగి వ్యక్తిగత అస్వస్థత కాక, కార్యాలయ కార్యదక్షతకు సంబంధించిన అంశమై యున్నందున, సిబ్బంది యావన్మందియు గ్రంథి పరీక్షా శిబిరమునకు భుజములతో సహా హాజరు కావలెను."

హిమజని పిలిపించారు. ఇంతమంది నొప్పులు ఒకేచోట చూడొచ్చని ఆవిడ సంతోషంగానే వచ్చింది. గదంతా ఒకసారి కలియజూసి, ముందు ఈ తెరల ఎత్తు పెంచాలండి, సగం జబ్బు అక్కడే ఉందని చెప్పింది. తెరల ఎత్తు కొనుగోళ్ల విభాగం పరిధిలోకి వస్తుందనీ, తన పరిధిలోకి వచ్చేవి మెడలు మాత్రమేననీ చిదానందం గారు విచారం వెలిబుచ్చారు.

పరీక్ష మొదలైంది. హిమజ ఒక్కొక్కరి భుజం తడిమి, ముడి దొరికిన చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెడుతోంది. కంప్యూటరు మీద ఉత్తరాలన్నీ కొట్టే రాజ్యం గారికి గుడ్డ తెర కట్టి దాని వెనక చూస్తే రెండు భుజాల మీదా చుక్కలు ముగ్గు పెట్టినట్టు వచ్చాయి. భుజంగరావుకి మిగిలిన సగం ముడి మీద ఒక చుక్క. విశ్వపతి దగ్గరికొచ్చేసరికి ఆవిడ వేళ్లకి ఏమీ తగల్లేదు. వెన్నముద్దలా ఉన్నాయి భుజాలు.

"మీకేం లేదండి. చాలా బావున్నాయి," అంది హిమజ.

విశ్వపతి మొహం వెలిగిపోయింది. కానీ పక్కనే నిలబడ్డ చిదానందం గారు కొత్తగా తిరుగుతున్న మెడని ఆయనవైపు తిప్పి చాలాసేపు చూశారు. మహత్తరమైన ఆలోచనలు ఆయనకి ఎప్పుడూ నిలబడి ఉండగానే వస్తాయి.

"ముడి లేదంటే కండరం శ్రమపడలేదన్నమాట. కండరం శ్రమపడలేదంటే ఉద్యోగి శ్రమపడలేదన్నమాట. ఈ శాఖలో పనిచేసేదెవరో తెలుసుకునే సాధనం లేక ఇన్నేళ్లూ అల్లాడిపోయాం. అది వీళ్ల వీపుల మీదే ఉంది," అన్నారాయన.

హిమజ కంగారుపడి అడ్డం వచ్చింది. వంకరగా కూర్చున్నా ముడి పడుతుందనీ, దిగులుపడినా పడుతుందనీ, తలగడ సరిగా లేకపోయినా పడుతుందనీ, సరిగ్గా కూర్చుని బోలెడు పనిచేసేవాళ్లకి పడకపోవచ్చనీ చెప్పింది. ఆ మినహాయింపులన్నీ తగిన సమయంలో అనుబంధంలో పరిశీలిస్తామని ఆయన హామీ ఇచ్చారు.

రెండో సర్క్యులరు మొదటిదానికన్నా పొడవుగా వచ్చింది. కండరగ్రంథి విధి నిర్వహణలో ఏర్పడుతున్నది కనుక అది శాఖ ఆస్తి. కమిషనరు గారు స్వయంగా వచ్చి తనిఖీ చేసేవరకు ఏ ఉద్యోగీ తన ముడిని సూదితో గానీ, నూనెతో గానీ, కుటుంబసభ్యుల సహాయంతో గానీ సడలించుకోరాదు. సూపరింటెండెంటు పదవి ముడి పరిమాణాన్ని బట్టి ఇవ్వబడుతుంది. హిమజ క్లినిక్కుకి కూడా ఒక ప్రతి వెళ్లింది, శాఖ ముడుల జోలికి రావద్దని.

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఈ లెక్కన మెడలో ముడి విప్పించుకున్న చిదానందం గారే ఆఫీసులో అందరికన్నా సోమరి అవుతారు. సిబ్బంది వ్యవహారాల విభాగం ఒక రోజంతా తలుపులు మూసుకుని ఆలోచించి దారి కనిపెట్టింది. గతంలో వారు మోసిన ముడికి గుర్తింపుగా వారికి గౌరవ ముడి ప్రదానం చేశారు. మెడలో దండవేసి, శాలువా కప్పారు. ఆ శాలువా ఆయన ఎండాకాలంలో కూడా తియ్యలేదు, తీస్తే ముడి లేని సంగతి బయటపడుతుందేమోనని.

భుజంగరావుకి మాత్రం మెమో వచ్చింది. సర్క్యులరుకి ముందే సగం ముడిని నష్టపరిచినందుకు సంజాయిషీ అడిగారు. విప్పించుకునేటప్పటికి అది ప్రభుత్వానిదని తనకి తెలియదని ఆయన వినయంగా రాసుకున్నాడు. తనిఖీలోగా ముడిని యథాస్థితికి తీసుకురావాలన్న షరతు మీద చిదానందం గారు క్షమించారు.

ఆ రోజు నుంచీ ఆఫీసు రూపు మారిపోయింది. మునుపు వరండాలో ఉండేవాళ్లంతా ఇప్పుడు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని బల్లల దగ్గర కూర్చున్నారు. ఫోన్లో అవతల ఎవరూ ఉండేవారు కాదు. అకౌంట్సులో ఒకాయన, బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా పైకడ్డీ పట్టుకుని వేలాడుతూ వచ్చేవాడు. కొందరు తలగడ తీసేసి పడుకున్నారు, కొందరు మూడు తలగడలు పెట్టుకుని పడుకున్నారు. ఊళ్లో ఒక వ్యాయామశాలవాడు, వంకర కూర్చోవడంలో ప్రత్యేక శిక్షణ అని బోర్డు కట్టాడు. అంత కష్టమూ పడుతున్నారు గానీ, దానికి బదులు ఆ ముందున్న ఫైలు చూస్తే సరిపోతుందని ఎవరికీ తట్టలేదు.

విశ్వపతి ఒకరోజు పనిచేసి చూశాడు. ఒంటికి పడక జ్వరం తగిలింది. తర్వాత గ్యాసు సిలిండరు భుజాన పెట్టుకుని పెరట్లో తిరిగాడు. కాస్త అలసట వచ్చి కమ్మగా నిద్రపట్టింది, పొద్దున్నకి భుజాలు ఇంకా మెత్తబడ్డాయి.

రాజ్యం గారి సంగతి ఇంకోలా తిరిగింది. అన్ని ముడులు ఆఫీసులోనే వచ్చాయని నమ్మకమేమిటి, ఇంట్లో పిండి రుబ్బడంవల్ల వచ్చి ఉండొచ్చు కదా అని ఆడిట్ వాళ్లు అభ్యంతరం లేవదీశారు. గృహ ముడిని కార్యాలయ ముడిగా చూపించడం తీవ్రమైన నేరమట. తను రుబ్బేది ఎడంచేత్తోననీ, పెద్ద ముడులు కుడివైపున్నాయనీ ఆవిడ మొత్తుకుంది. నిజానిజాలు తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ సభ్యులు ఆవిడ ఇంటికెళ్లి, రుబ్బుతుండగా పరిశీలించి, రుబ్బిన పిండితో వేసిన పెసరట్లు కూడా కూలంకషంగా పరిశీలించి, విషయం అస్పష్టంగా ఉన్నందున మరోసారి రావాల్సి ఉందని నివేదిక ఇచ్చారు. ఆ మర్నాడు రాజ్యం గారికి కొత్త ముడొకటి పడింది. అది ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది ఇంకా తేలలేదు.

భుజంగరావు ప్రత్యేకంగా ఏమీ చెయ్యాల్సిన పని లేకపోయింది. వచ్చేవారం రమ్మన్న సూది ఆగిపోయింది. అందరూ ముడుల సాగులో పడ్డారు గనక వాళ్ల ఫైళ్లు కూడా ఈయన బల్లమీదకే వచ్చాయి. సగం ముడి మళ్లీ బిగుసుకుని, పెరిగి, నిమ్మకాయంత అయింది. చిదానందం గారు రోజూ పొద్దుటే వచ్చి బొటనవేలితో నొక్కి, భుజంగరావు కళ్లలో నీళ్లు తిరగడం చూసి, ఉంది, ఉంది అని తృప్తిగా వెళ్లేవారు. వేరే సెక్షన్లవాళ్లు వచ్చి తడిమి అభినందించి వెళ్లేవారు. సూపరింటెండెంటు గారూ అని అప్పుడే పిలవడం మొదలుపెట్టారు.

ఇంట్లో మాత్రం మాణిక్యాంబ చొక్కా తొడుగుతోంది, అన్నం కలిపి పెడుతోంది. తనిఖీ అయ్యేదాకా ఓర్చుకోమని ఆయన అంటే, "మీకు పెద్ద ఉద్యోగం రావాలని నాకూ ఉందండీ. కానీ నేను చేసుకున్నది రెండు చేతులున్న మనిషిని," అంది.

ఆయన ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా హిమజ క్లినిక్కు మెట్లెక్కాడు కూడా. తనకి నోటీసు వచ్చినా ఫరవాలేదనీ, భుజం ఆయనది కాబట్టి ఆయన ఊఁ అంటే ఇప్పుడే చేస్తాననీ ఆవిడ చెప్పింది. ఊఁ అనలేకపోయాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో తన కష్టాన్ని పైవాళ్లు వేలుపెట్టి చూసింది ఇదే మొదటిసారి. నొక్కినప్పుడల్లా ప్రాణం పోతున్నా, దాంట్లో ఏ మూలో చిన్న గర్వం ఉంది. వ్యాయామాల గురించి నాలుగు మాటలడిగి, లేవని చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని దిగి వచ్చేశాడు.

తనిఖీకి రెండు రోజుల ముందు నాటకం వచ్చింది. చిదానందం గారు ముఖ్య అతిథి. హాలు నిండింది. భుజంగరావు పద్యాలు బ్రహ్మాండంగా పాడాడు, వన్స్‌మోర్లు కూడా పడ్డాయి. గదాయుద్ధం వచ్చింది. అటు దుర్యోధనుడు విశ్వపతి గద తిప్పుతూ వెన్నలాంటి భుజాలతో వేదికంతా తిరుగుతున్నాడు. ఇటు భీముడు గద ఎత్తబోతే అది మోకాలి దగ్గరే ఉండిపోయింది. మళ్లీ ఎత్తబోయాడు. చెయ్యంతా నిప్పులు పోసినట్టయింది. హార్మోనియం ఆయన అదే స్వరం పట్టుకుని సాగదీస్తున్నాడు. విశ్వపతి మంచివాడు గనక, కాలయాపనకి తన పాత పద్యమొకటి మళ్లీ అందుకున్నాడు. అది కూడా అయిపోయింది. అప్పటికీ గద లేవలేదు. చివరికి దుర్యోధనుడే దగ్గరికొచ్చి, కాలెత్తి, తొడని మెల్లగా భీముడి గదకి ఆనించి, హా అని పడిపోయాడు.

హాలు గొల్లుమంది. చూడ్డానికొచ్చిన పిల్లలు కూడా కాళ్లెత్తి గెంతుతూ పడిపోవడం మొదలుపెట్టారు. అప్పుడు చిదానందం గారు ముందు వరసలోంచి లేచి మైకు అడిగి పుచ్చుకుని, భీముడి చెయ్యి లేవకపోవడం కళాలోపం కాదనీ, శాఖ గర్వించదగ్గ పరిణామమనీ ప్రజలకి వివరించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆ నవ్వుకన్నా ఎక్కువ బాధించాయి భుజంగరావుని. తెర వెనక కూర్చున్నాడు. కిరీటం తియ్యడానికి కుడిచెయ్యి లేవలేదు. మాణిక్యాంబ వచ్చి, ఏమీ అనకుండా, కిరీటం తీసి, రంగు తుడిచింది. ఆవిడేమీ అనకపోవడం ఆయన సర్వీసులో ఎప్పుడూ జరగలేదు.

తనిఖీ రోజున ఆఫీసుకి మామిడాకులు కట్టారు. కమిషనరు గారు రాజధాని నుంచి వచ్చారు. ఆవిడ ఒక తనిఖీకీ ఇంకో తనిఖీకీ మధ్య కారులోనే కాలం గడిపే మనిషి, ఏ ఆఫీసులో ఏం చూడటానికి వచ్చారో కారు దిగాక పక్కవాళ్లని అడిగి తెలుసుకుంటారు. సమావేశపు హాల్లో మగవాళ్లంతా బనీన్లతో బారులు తీరారు. ఆడవాళ్లకి తెర కట్టారు. ముడులని నిర్ధారించడానికి హిమజని రప్పించారు. చిదానందం గారు శాలువా సర్దుకుని, ముడి అనే మహా సాధనం మీద ప్రసంగించారు. కమిషనరు గారు ఒక బిస్కెట్టు తీసుకుని, ఎన్ని ఉన్నాయో చెప్పండి చాలు అన్నారు.

మొదట భుజంగరావుని నిలబెట్టారు. హిమజ వేలు పెట్టగానే ఆయన ఒళ్లంతా మెలితిరిగింది.

"ఇది ఎప్పుడో పోవాల్సిందండి," అంది ఆవిడ, ఆయనకి మాత్రమే వినపడేలా.

"శాఖకే మకుటాయమానమైన ముడి," అన్నారు చిదానందం గారు, అందరికీ వినపడేలా.

భుజంగరావు హిమజ వైపు తిరిగి, "తీసెయ్యమ్మా," అన్నాడు.

చిదానందం గారు దగ్గరికొచ్చి, ఆ మాట వెనక్కి తీసుకొమ్మని, సూపరింటెండెంటు ఉత్తర్వు టైపు కూడా అయిపోయిందని, సంతకమొకటే మిగిలిందని చెవిలో చెప్పారు.

"ఇచ్చినా ఏ చేత్తో పుచ్చుకోమంటారండి?" అన్నాడు భుజంగరావు.

నిజంగానే చెయ్యమంటారా అని హిమజ ఇంకోసారి అడిగింది. ఆయన ఊఁ అన్నాడు. ఈసారి ఆ ఊఁ గొంతులో ఎక్కడా అడ్డుపడలేదు. సూదులు ఆవిడ సంచీలోనే ఉన్నాయి. సమావేశపు బల్లమీది పూలకుండీ పక్కకి జరిపి, దుప్పటి పరిచి ఆయన్ని బోర్లా పడుకోబెట్టింది. చేతులు కడుక్కొచ్చి, స్పిరిటు దూదితో తుడిచి, సూది దింపింది. అందరూ చూస్తుండగానే వీపు మీద కండరం గుభిల్లున ఎగిరింది. భీముడి గొంతు హాలంతా మోగింది. కమిషనరు గారి బిస్కెట్టు టీలో పడింది. ఇంకోసారి, ఇంకోసారి ఎగిరి, కండరం చివరికి నిమ్మళించింది. భుజంగరావు కాస్సేపు అలాగే పడుకుని, లేచి, చెయ్యెత్తాడు. చెవి దాటింది. తల దాటింది. ఫ్యాను తగులుతుందేమోనని ఎవరో వెళ్లి స్విచ్చి ఆపారు.

తెర వెనకనుంచి రాజ్యం గారు కొంగు సర్దుకుంటూ వచ్చి, "తర్వాత నేనండి," అంది.

ఆ తర్వాత ఇక వరస ఆగలేదు. వంకరగా కూర్చుని, వేలాడి, మూడు తలగడలు పెట్టుకుని ముడులు పెంచుకున్నవాళ్లందరికీ అప్పటికే ప్రాణం విసిగిపోయి ఉంది, ముందు అడగడానికే సిగ్గుపడుతున్నారు. అందరికీ సూది అక్కర్లేదని హిమజ కొందరికి నొక్కి వదిలింది, కొందరిని గోడకి నిలబెట్టి సాగదీయించింది. చిదానందం గారు ఆస్తి నష్టం, ఆస్తి నష్టం అంటూ హాలంతా తిరిగారు. గోడకి చేతులానించి సాగదీసుకుంటున్నవాళ్లు ఆయనకి దారి ఇవ్వడానికి కూడా తిరగలేదు.

కమిషనరు గారు భోజనం చేసి వచ్చి, మొత్తం ముడులెన్ని అని మళ్లీ అడిగారు. ఇప్పుడు చెప్పుకోదగ్గవేం లేవండి అంది హిమజ. చిదానందం గారి మొహం పాలిపోయింది.

"అంటే ముడులు లేని ఆఫీసు రాష్ట్రంలో ఇదే మొదటిదా?" అని అడిగారు కమిషనరు గారు.

చిదానందం గారి మెడ ఒకసారి ఎడమకి తిరిగింది, ఒకసారి కుడికి తిరిగింది. అంత సాఫీగా అది అదివరకెన్నడూ తిరగలేదు.

"చిత్తమండి. మొదటినుంచీ మా లక్ష్యం అదే," అన్నారాయన, శాలువా తీసి మడతపెడుతూ.

సర్క్యులరు రావడానికి వారం పట్టలేదు. ఆ కార్యాలయాన్ని ముడి రహిత కార్యాలయంగా ప్రకటించారు. ముడి అనేది అలక్ష్యానికీ, అసమర్థతకీ గుర్తుగా ఇకమీదట పరిగణించబడుతుంది. రాష్ట్రంలోని తక్కిన ఆఫీసులకి ఇక్కడి సిబ్బందిని ఆదర్శంగా చూపించాలి. సిబ్బందిలో ముందూ వెనకా ఏనాడూ ఒక్క ముడి కూడా పడనివాడు ఒక్కడే ఉన్నట్టు రికార్డులు చెప్పాయి గనక, సూపరింటెండెంటు పదవి గుమ్మడి విశ్వపతికి ఇవ్వాలని నిర్ణయమైంది. ఈ సర్క్యులర్ల ప్రతులన్నీ ఆఫీసులో గుట్టలుగా మిగిలిపోతే, రాజ్యం గారి భుజాలు మళ్లీ చూడ్డానికొచ్చిన హిమజ వాటిని కట్టలు కట్టి ఒక్కొక్క కంప్యూటరు కింద పెట్టింది. తెరలు సరిగ్గా కంటికి ఎదురుగా వచ్చాయి.

విశ్వపతి సన్మానం కళాసమితి హాల్లోనే జరిగింది. చిదానందం గారు ఆయన భుజం తడిమి, ఇలాంటి మెత్తని భుజాల మీదే శాఖ భవిష్యత్తు ఆధారపడి ఉందన్నారు. విశ్వపతి మొహమాటపడుతూ, ఇందులో తను చేసిందేమీ లేదని నిజమే చెప్పాడు. దాన్ని వినయం అనుకుని జనం మరింత మెచ్చుకున్నారు.

మూడో వరసలో మాణిక్యాంబ మొగుడి వైపు ఓరగా చూసి, బాధగా ఉందా అని అడిగింది. కొంచెం ఉందన్నాడాయన. వేదికమీద దండ పడింది, హాలంతా చప్పట్లు మొదలయ్యాయి. భుజంగరావు కూడా కొట్టాడు. కొడుతూ కొడుతూ చేతులు కొంచెం పైకెత్తాడు. ఎక్కడా పట్టెయ్యలేదు. ఇంకొంచెం ఎత్తాడు. తలకి పైగా రెండు చేతులూ నిటారుగా లేచి కలుసుకున్నాయి, విడిపోయాయి, మళ్లీ కలుసుకున్నాయి. అందరూ ఆపేశాక కూడా ఆయన కొడుతూనే ఉన్నాడు. మాణిక్యాంబ ఆయన మోచెయ్యి పట్టుకుని కిందకి లాగింది. వదిలించుకుని మళ్లీ ఎత్తాడు. వేదికమీద విశ్వపతి అదంతా తన మీద అభిమానమే అనుకుని, దండ కొసతో కళ్లు తుడుచుకుని, మూడో వరసకి ప్రత్యేకంగా నమస్కారం పెట్టాడు.